కానుగ చెట్టుకు ఏ పక్క

నెదర్లాండ్స్
31 ఆగస్టు 2025

హరీ,

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. ఆ రోజు నువ్వు బెంగళూరు ఆసుపత్రిలో కాలికి రాడ్డు వేయించుకొని పడుకున్నావు. మీ అమ్మ చెప్పేది పూటకో రకంగా ఉందన్నావు. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకని రాస్తున్నాను. ఒకసారే రాస్తాను.

పొద్దున జ్వరం దిగింది. డెంగీలో జ్వరం దిగాకే జాగ్రత్తగా ఉండాలని కుప్పం డాక్టరు ముందే చెప్పాడు. మేము మాత్రం సంతోషపడ్డాము. అశ్విని రాగిజావ రెండు గుక్కలు తాగి చాలంది. మదనపల్లె నర్సరీలో టమాట నారుకు నీళ్ళు పెట్టారో లేదో కనుక్కోమంది. నేను గడ్డం గీసుకోక చాలా రోజులైంది. "మొగం కడుక్కోని రాపో. ఎవురన్నా వస్తే నువ్వే పేషెంటనుకుంటారు" అంది. కడుక్కొని వచ్చాను. ఆ తరవాత ఎక్కువ మాట్లాడలేదు.

మధ్యాహ్నం చిగుళ్ళనుంచి రక్తం వచ్చింది. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. డాక్టర్లు చేయవలసిందంతా చేశారు. చీకటి పడకముందే పోయింది. ఆ సమయంలో మీ అమ్మ కింద క్యాంటీన్లో ఉంది. చెయ్యి పట్టుకొని కూర్చున్నానని చెబుతోందంటే చెప్పుకోనీ.

కుప్పంనుంచి వి.కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా తెచ్చాము. దారి పొడవునా వాన. మరునాడు పొద్దున చౌడేపల్లె చేలో పూడ్చాము. వచ్చినవాళ్ళలో సగం మంది టిఫిన్ ఎక్కడ పెడుతున్నారని అడిగారు. ఒకాయన ఇన్సూరెన్సు ఉందా అన్నాడు. ఇంకొకాయన, మట్టి వేస్తుండగానే, తన మేనకోడలికి ఇంకా ముప్పై దాటలేదని నా చెవిలో చెప్పాడు. ఇవీ మన బంధువులు.

ఇక్కడ కుదురుకున్నావా అని అడిగావు. గది దొరికింది. ఎనిమిది మందికి ఒక వంటిల్లు. గిన్నెలు ఎవరు ఏ రోజు కడగాలో గోడమీద కాగితం అంటించి ఉంది, కడిగినవాడు ఇంతవరకు లేడు. మొదటి రోజు పరిచయాల ఆట అని ఒక హాల్లో నిలబెట్టారు. ముప్పై ఆరేళ్ళవాణ్ణి, మదనపల్లెలో పదేళ్ళు నారు అమ్మినవాణ్ణి, నా చేతికి ఒక పసుపుపచ్చ బెలూను ఇచ్చి, దానిమీద పేరు రాసి ఎగరేయమన్నారు. ఎగరేశాను. పోస్టుగ్రాడ్యుయేట్ చదువు అలా మొదలైంది.

పక్కగది మహేష్ తిరుపతివాడు. ఇరవై రెండేళ్ళు. నన్ను అంకుల్ అంటాడు. వాళ్ళమ్మ సర్దిచ్చిన ఊరగాయ జాడీలకు కాపలా కాయడం తప్ప వాడికి ఈ దేశంలో వేరే పని ఉన్నట్టు లేదు.

మీరంతా అడుగుతున్నారని ఫొటో ఒకటి పంపుతున్నాను.

పురుషోత్తం


కుప్పం
7 సెప్టెంబర్ 2025

బావకు హరినాథ్ రాసేది,

నీ జాబు అమ్మకు చదివి వినిపించలేదు. క్యాంటీన్ సంగతి ఉంది కదా. నేను మెయిల్లోంచి ప్రింటు తీసి, చదువుకొని బీరువాలో పెట్టినాను. ఒకసారే రాస్తానన్నావు, అదీ రాసినావు. దానికి నీకు రుణపడి ఉంటాను. బంధువుల మీద అంత కోపం అవసరమా అనిపించింది. వానలో అంత దూరం వచ్చినోళ్ళు, ఆకలేసి టిఫిన్ అడిగితే తప్పేముంది?

ఫొటో మాత్రం అమ్మకు చూపించినాను. సైకిలు పట్టుకొని నిలబడుండావు కదా, అది. కళ్ళజోడు పెట్టుకొని చూసింది. "సైకిలు తొక్కతాండాడు. బాగుండాడు పో" అనింది. ఆ మాట ఎట్లా అనిందో నీకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఏడాది తిరగకముందే పోయినావని ఆమె బాధ. నాకూ ఉంది, దాచేదేముంది.

ఇప్పుడు అసలు సంగతి. మనలో ఏడాది లోపల సమాధి కట్టాలి. కార్తీకంలో అక్క ఏడాది వస్తుంది. మా గ్రానైటు ఫ్యాక్టరీలో పచ్చరాయి పలక ఒకటి ఎత్తిపెట్టినాను. ఓనరు కూడా ఒప్పుకున్నాడు. ఎక్స్‌పోర్టుకు పోయే రకం, మచ్చ లేదు. కొయ్యడం, పాలిష్ పట్టడం అంతా నేనే చేస్తాను, ఇంకొకరి చేతికియ్యను. ఆ రోజు మట్టి వెయ్యలేకపోయినాను. ఇదన్నా చెయ్యనీ.

అయితే అక్క యాడుండాదో నేను చూడలేదు. మనలో ఆడోళ్ళు మట్టికి రారు కాబట్టి అమ్మా చూడలేదు. వచ్చినోళ్ళను అడిగితే ఒకరు చెట్టు కింద అంటారు, ఒకరు బోరు పక్కన అంటారు. వానలో గొడుగులు చూసుకున్నారే గాని చోటు చూసుకున్నట్టు లేరు. నీ చేను కౌలుకు చేసే రమణ ఉగాదికి వచ్చినోడు. వానికేం తెలుసు? "గడ్డి మోకాలెత్తు పెరిగింది అన్నా. ఆ గట్టు పక్క నేను మడక పెట్టను. యాడుండాదో ఏమో, బయం" అన్నాడు, ఆ పక్క దున్నకుండానే వదిలేసినాడు. చెట్టుకు ఏ పక్కో సరిగ్గా రాయి బావా. ఒక ముక్క రాస్తే చాలు.

కాలు ఇప్పుడు నడిపిస్తోంది. మెట్లు దిగేటప్పుడే కొంచెం కష్టం.

నీ బావమరిది
హరినాథ్


నెదర్లాండ్స్
13 సెప్టెంబర్ 2025

హరీ,

పచ్చరాయి వద్దు. మీ అక్కకు మట్టి చాలు. మీ ఫ్యాక్టరీ రాయి హోటలు మెట్లకు బాగుంటుంది. పుంగనూరు రోడ్డు పొడవునా చూస్తూనే ఉన్నాను. అద్దంలాంటి రాయి వేస్తారు, దానిమీద పెళ్ళినాటి ఫొటో చెక్కిస్తారు, ప్రారంభోత్సవానికి వచ్చినట్టు బంధువులు వచ్చి సెల్ఫీలు తీసుకుంటారు. మరుసటి వారం నుంచి దానిమీద మేకలు పడుకుంటాయి. మేకలకైతే చల్లగా ఉంటుంది.

కట్టితీరాలంటే కట్టుకో. నా అనుమతి అడిగినట్టు నటించవద్దు, పలక ముందే ఎత్తిపెట్టావు కదా.

చోటు: గట్టు మీద, కానుగ చెట్టు కింద దిబ్బ. కళ్ళున్నవాడికి కనిపిస్తుంది. మళ్ళీ అడగకు.

ఏడాది తిరగకముందే పోయానంటున్నారు. సీటు ఏడాది ఆగదు. దరఖాస్తు పెట్టించింది మీ అక్క. "నారు అమ్ముకుంటానే ముసిలోడివైపోతావు, పో, పోయి సదువుకో" అని పోరింది. ఈ మాట మీ అమ్మకు చెబితే చెప్పు, లేకపోతే లేదు.

పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకున్నాను. అది లేకపోతే బ్యాంకు ఖాతా ఇవ్వరు. ఖాతా లేకపోతే గది ఇవ్వరు. గది లేకపోతే చిరునామా లేదు. మనం మన తాలూకాఫీసులను తిడతాము. మధ్యాహ్నం వీళ్ళు తినేది చల్లటి రొట్టె, దానిమీద చాక్లెట్ పలుకులు. ప్రొఫెసర్లే అది తింటారు, సిగ్గు లేకుండా, అందరి ముందర. సైకిలు మీద ఎటు తొక్కినా గాలి ఎదురే.

నిన్న టమాట తోట చూపించారు. తోట అనకూడదు, గాజు ఫ్యాక్టరీ. మట్టి లేదు. దూదిలాంటి ఒక దిమ్మెలో వేరు, తాడు పట్టుకొని పైకి పాకే మొక్క, గొట్టంలో మందు కలిపిన నీళ్ళు. కాయలన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు. ఒకటి కొరికాను. నీళ్ళు. మదనపల్లె మార్కెట్టుకు ఈ సరుకు తెస్తే హమాలీలు నవ్వుతారు. మీ దగ్గర ఎకరాకు ఎంత దిగుబడి వస్తుందని ప్రొఫెసరు అడిగాడు. చెప్పాను. నామీద జాలిపడ్డాడు. నేను ఆ కాయ మీద జాలిపడ్డాను.

పురుషోత్తం


కుప్పం
5 అక్టోబర్ 2025

బావా,

నీ మాటలన్నీ చదివినాను. మేకల సంగతి కూడా. జవాబు రాయకుండా పని చేసుకుంటా పోయినాను. పని అయిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తాండాను.

దసరా ముందర ఆదివారం మేస్త్రీని పిలుచుకొని చౌడేపల్లెకు పోయినాను. రమణ గడ్డి కోసిపెట్టినాడు. చెట్టు కింద దిబ్బ నువ్వు చెప్పినట్టే కనిపించింది. పెద్ద దిబ్బ. రమణ కూడా "ఇదేనన్నా, ఇంకేముండాది ఈడ" అన్నాడు. నేను చెప్పులిడిచి, ఆ మట్టి మీద చేతులు పెట్టి కాసేపు కూర్చున్నాను. పోయినేడు రాలేకపోయిన దానికి క్షమించమన్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు, అయినా రాస్తాండాను.

పలక కిందికి దింపేటప్పుడు నా కాలు మీద బరువు పడనియ్యకుండా మేస్త్రీ తిడతానే ఉండినాడు. "ఇంకో కాలు కూడా ఇరగ్గొట్టుకుంటావా సామీ" అని. ఫొటో చెక్కించలేదు. నువ్వు అన్నందుకు కాదు, నాకే వద్దనిపించింది. పేరు మాత్రమే. అశ్విని. అంతే.

మరుసటి వారం అమ్మను తీసుకొనిపోయినాను. మొదటిసారి చూడటం కదా, గట్టు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకొనింది. రాయి మీద చెంప ఆనించి "సల్లగుండాదిరా" అనింది. చాలాసేపు లేవలేదు. పోదాం లేమ్మా, బస్సు పోతాది అంటే, "బస్సు పోతే ఇంకోటి వస్తాది. దాంతో మాట్లాడి శానా దినాలైంది" అనింది. ఆ రాత్రి ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తినింది. ఈ ఏడాదిలో అట్లా తినడం నేను చూడలేదు.

ఇప్పుడు చోటు తెలిసింది కాబట్టి రమణకు బయం పోయింది. మిగతా గట్టు పక్కంతా చదును చేసి, మడక తోలి, చెట్టు మొదలు దాకా డ్రిప్పు లాగి టమాట పెట్టినాడు. పచ్చగా, చూడటానికి బాగుంది. అక్కకు ఇష్టమైన పంటే కదా.

ఫొటో పంపుతాండాను. చూసి ఏదో ఒకటి రాయి. బాగలేదని అయినా సరే.

హరినాథ్


నెదర్లాండ్స్
7 అక్టోబర్ 2025

హరీ,

ఫొటో చూశాను. ఆ రాయి తీయించు. వెంటనే తీయించు. మీ అమ్మను మళ్ళీ అక్కడికి తీసుకుపోకు.

ఎందుకని అడగకు.

పురుషోత్తం


కుప్పం
1 నవంబర్ 2025

పురుషోత్తం బావకు,

ఇన్ని దినాలు జవాబు రాయకపోవడానికి కారణం, రాస్తే ఏం రాస్తానో అని నాకే బయమేసింది. రాయి తియ్యను. నీ చేను కావచ్చు, పట్టా నీ పేరు మీద ఉండొచ్చు. కింద ఉండేది మా అక్క.

నీకు ఆమె పేరు కూడా కంటికి అడ్డమైపోయిందా? మట్టి చాలన్నావు. మట్టి అయితే రెండు వానలకు పోతాది, గుర్తు లేకుండా పోతాది, అదేనా నీకు కావాల్సింది? మహేష్ అనే పిల్లోడు నెట్లో పెట్టిన ఫొటో మదనపల్లెలో నీ నర్సరీ వాళ్ళంతా చూసినారు. నీ పక్కన ఒక తెల్లపిల్ల నవ్వుతాండాది. నువ్వు నవ్వడం లేదు, నిజమే. అయినా పక్కన ఉండాది. వాళ్ళు ఫోన్ చేసి "మీ బావ సెటిలైపోయినట్టుండాడే" అంటే నేనేం చెప్పాలి? మన బంధువులంటే నీకు ఎగతాళి. ఆ ఎగతాళి పడేది మాత్రం ఈడ నేను.

పోయిన వారం అమ్మ నాకు చెప్పకుండా ఒకతే బస్సెక్కింది. పలమనేరులో మారి, పుంగనూరులో మారి, చౌడేపల్లెలో ఆటో మాట్లాడుకొని పోయింది. మోకాళ్ళు వంగని మనిషి. రాయి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముత్తైదువుగా పోయింది కదా అని కొత్త జాకెట్టు గుడ్డ పరిచి వచ్చింది. రమణే ఫోన్ చేసి చెప్పినాడు. "అమ్మ గంటసేపు మాట్లాడతా ఉండాదన్నా. నేను టమాటకు ఊతకట్టెలు నాటతాండాను, సప్పుడైతాదని ఆపేసినాను. అమ్మ పోయినాక మళ్ళా మొదలుపెట్టినాను" అన్నాడు. నీ కౌలుదారుకు ఉండే ఇంగితం నీకు లేకపోయింది.

వచ్చే శనివారం ఏడాది. బంధువులంతా చేను దగ్గరికి వస్తారు. నువ్వు రావాల్సిన పనిలేదు, పిలవడం లేదు. రాయి మాత్రం ఆడనే ఉంటుంది.

ఇదే నా ఆఖరి జాబు.

హరినాథ్


నెదర్లాండ్స్
2 నవంబర్ 2025

హరీ,

ఈ జాబు చదవడం ఆపి ముందు రమణకు ఫోన్ చెయ్యి, నాకు కలవడం లేదు. చెట్టుకు పడమటి పక్క కట్టెలు నాటడం ఆపెయ్యమను. నాటినవి పెరకవద్దు. డ్రిప్పు ఆ వరసలకు కట్టెయ్యమను. ఎందుకని అడిగితే నేను చెప్పానను. చేశాక మిగతాది చదువు.

నువ్వు రాయి వేసిన దిబ్బ మీ అక్కది కాదు. బసప్పది. బసప్ప మా నాయన కాలంనాటి ఎద్దు. మీ అక్క పోవడానికి ముందు ఎండాకాలంలో చచ్చిపోయింది. తోలుకోసం ఆటో తెచ్చిన వాళ్ళను మీ అక్క కర్ర తీసుకొని తరిమింది. "ఇన్నేండ్లు దున్నించుకోని చెప్పులు కుట్టించుకుంటామా" అంది. జేసీబీ పిలిపించి, గట్టు మీద చెట్టుకు తూర్పున గొయ్యి తీయించి పూడ్పించింది. ఎద్దు పెద్దది, దిబ్బా పెద్దదే.

మీ అక్క పడమటి పక్కన ఉంది. ఆ రోజు వానకు జేసీబీ చేలోకి దిగలేదు. గడ్డపారలతో తవ్వించాము. తవ్వినవాళ్ళు బోరు పనికి తమిళనాడునుంచి వచ్చినవాళ్ళు, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. ఊటనీళ్ళు తోడుతూ పూడ్చారు. దిబ్బ అప్పుడే చిన్నది. ఏడాది వానలకు నేలతో సమానమై ఉంటుంది. చుట్టూ రాళ్ళు పేర్పించాలని నాకు తోచలేదు.

చెట్టు కింద దిబ్బ అని రాసినప్పుడు నా కళ్ళముందు ఆమెదే ఉంది. బసప్ప గుర్తు రాలేదు. ఏ పక్క అని నువ్వు అడిగావు. పడమర అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. నీ రాయిని వెక్కిరించడానికి అర పేజీ దొరికింది, ఆ మాటకు చోటు దొరకలేదు.

ఫొటో చూడగానే తెలిసింది. చెట్టు మొదలు రాయికి ఎడమన ఉంది, కుడిన ఉండాలి. చెట్టు పడమటి పక్కనుంచే డ్రిప్పు పైపు పోతోంది. రాయి తీయించమని రాశాను. కారణం రాయడానికి చెయ్యి రాలేదు. మీ అమ్మ ఎద్దు మీద చెంప ఆనించిందని ఏ మాటలతో రాయాలి? నీకే అర్థమవుతుందని అనుకోవడం తెలివితక్కువ. ఈ మూడు వారాలు నీ జవాబు కోసం చూస్తూ ఉన్నాను. ఆ మూడు వారాల్లో రమణ కట్టెలు నాటాడు.

రమణను ఏమీ అనవద్దు. ఎక్కడ మడక పెట్టవచ్చో వానికి తప్పుగా చెప్పింది మనం.

ఆ ఫొటోలో అమ్మాయి పేరు నాకు తెలియదు. ప్రాక్టికల్లో కాయలు తూచేటప్పుడు తక్కెడ పట్టుకుంది. నవ్వింది మహేష్‌ను చూసి. మదనపల్లెవాళ్ళకు ఈ మాత్రం చెప్పు. నమ్మకపోతే వాళ్ళ ఇష్టం, వాళ్ళకు నమ్మడానికి ఇంకేదైనా దొరుకుతుంది.

రాయి పగలగొట్టవద్దు. అది ఆమె కోసం నువ్వు కోసిన రాయి. జరిపి పెడదాం. కాలు నొప్పి ఉన్నవాడివి, నువ్వు పట్టవద్దు, ఒక పక్క నేను పడతాను. పాలిష్ బాగుంది. పేరు మాత్రమే చెక్కించడం ఇంకా బాగుంది.

అత్తకు నువ్వు చెప్పకు. నేను చెబుతాను. బసప్పకు జాకెట్టు గుడ్డ పెట్టానని తెలిస్తే ఆమె ఏడుస్తుందో నవ్వుతుందో నాకు తెలియదు. మీ అక్క అయితే పొట్ట పట్టుకొని నవ్వేది. ఎద్దుతో గంటసేపు మాట్లాడిందంటే వారం రోజులు అదే చెప్పుకొనేది. ఆ తరవాత అత్తను తీసుకొని పడమటి పక్క కూర్చుంటాను. అక్కడ మాట్లాడుకోనీ.

వీడియోలో చూపించవచ్చు కదా అంటావు. చూపించగలను. ఒక అడుగు అటూ ఇటూ అవుతుంది. ఒక అడుగు చాలు మళ్ళీ తప్పడానికి. అది చెట్టు వేరుకు, పాత గట్టు రాయికి మధ్య. అక్కడ నిలబడితే నాకు తెలుస్తుంది. నీకు చెప్పలేను.

ఇక్కడ ఎవరికీ ఆమె సంగతి చెప్పలేదు. చెబితే ఒక కౌన్సెలరును కేటాయిస్తారు, ఆయన తల ఒక పక్కకు వంచి వింటాడు. అది నాకు అక్కరలేదనుకున్నాను.

రేపు పొద్దున తొమ్మిదికి ఈ టర్ము పరీక్ష. రాయకపోతే మొదటి టర్ము పోయినట్టే, మళ్ళీ పెట్టరు. ఎనిమిదిన్నరకు ప్రొఫెసరు గది తలుపు కొడతాను. నా భార్య పోయిందని, ఆమెను పెట్టిన చోటు చూపించడానికి నేను తప్ప ఎవరూ లేరని చెబుతాను. ఆయన ఏమంటాడో వినను. అక్కడినుంచి స్టేషనుకు వెళ్తాను, శనివారం లోపల చేను దగ్గర ఉంటాను.

పురుషోత్తం